అమలాపురం సిస్టర్‌గారికి కృతజ్ఞతలు

మీ పేరు తెలియదు సిస్టర్, అయినా ఈ నాలుగు మాటలూ మీకే. బీపీ చూసి చీటీ రాసేసి ఊరుకోవచ్చు మీరు. బయట అంతమంది ఉన్నా మా అమ్మను కూర్చోబెట్టి, "మామ్మగారూ, నిన్న పొద్దున్నుంచి ఏమేం తిన్నారండీ?" అని అడిగారు.

"ఉప్పు తక్కువేనమ్మా" అంది అమ్మ. మీరు వదల్లేదు. చద్దన్నంలో ఆవకాయ, పప్పులోకి అప్పడం, ఊరమిరపకాయలు, ఎండుచేపల పులుసు... ఒక్కొక్కటే బయటికొచ్చాయి. కూరలో వేసేది కాక ఇంత ఉప్పు ఒంట్లోకి పోతోందని మాకప్పుడే తెలిసింది. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కను చెంచాతో కొలిచి చూపించారు. కిడ్నీ పరీక్ష చూడకుండా, మామూలు ఉప్పుకు బదులుగా దొరికే పొటాషియం ఉప్పు వాడొద్దని, పొటాషియం ఎక్కువుండే కొబ్బరినీళ్లు రోజూ తాగొద్దని కూడా చెప్పారు. ఇంటింటా కొబ్బరిచెట్లున్న కోనసీమలో ఆ మాట చెప్పేవాళ్లు ఎంత అవసరమో!

ఎండుచేపలు పూర్తిగా మానమనలేదు. ఎప్పుడో ఒకసారి, బాగా నానబెట్టి కడిగి వండుకోమన్నారు. అమ్మ మీ మాట విన్నది అందుకే. మాత్రలు మాత్రం ఆపొద్దని గట్టిగా చెప్పారు.

ప్రతి ఆసుపత్రిలో బీపీ మిషన్‌తో పాటు ఈ ప్రశ్నలూ ఉండాలని నా కోరిక. అమ్మ బీపీ ఇప్పుడు అదుపులో ఉంది. చాలా థాంక్సండి.