వైరస్ మనిషికీ పశువుకీ మధ్య తిరుగుతుంటే మన రిజిస్టర్లు మాత్రం వేరువేరుగానే ఉన్నాయి - ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను 12 ఏళ్లుగా పశువుల డాక్టర్ గారి దగ్గర అసిస్టెంట్ గా పనిచేస్తున్నాను సార్. మాది పశు సంవర్ధక శాఖ కదా, ఆరోగ్య శాఖకి ఈ లెటర్ ఎందుకు రాస్తున్నావు అని మీ ఆఫీసులో ఎవరైనా అడగొచ్చు, ఆ ప్రశ్న గురించే రాస్తున్నాను.

కొన్నాళ్ల క్రితం ఒకాయన తన కుక్కని తీసుకొచ్చాడు. దాని కింది దవడ వేలాడిపోయింది, చొంగ తీగలా సాగుతోంది, మొరగబోతే బొంగురు శబ్దం తప్ప ఏమీ రావట్లేదు. గొంతులో ఎముక ఇరుక్కున్నట్టుంది సార్, నేనే నోట్లో చెయ్యి పెట్టి వెతికా దొరకలేదు అన్నాడు. మా డాక్టర్ గారు కుక్కని ముట్టుకోలేదు, ముందు ఆయన చెయ్యి చూశారు. చూపుడు వేలు మీద పంటి గీత, రక్తం కూడా సరిగ్గా రాలేదు. వెంటనే ఆయన్ని కుళాయి దగ్గర నిలబెట్టి 15 నిమిషాలు సబ్బుతో కడిగించారు, నేను పక్కన వాచీ చూస్తూ నిలబడ్డా. రేబిస్ అంటే కుక్క పిచ్చెక్కి అందరి మీద పడుతుందనే అనుకుంటారు జనం, కానీ ఇలా దవడ జారిపోయి ఒక మూల కూర్చుండిపోయే రకం కూడా ఉంది, అందులోనే మనుషులు ఎక్కువ మోసపోతారు.

ఆయన్ని ఆసుపత్రికి పంపిస్తే అక్కడ, కరవలేదు కదా గీతే కదా, ఏం కాదు అని వెనక్కి పంపేశారు. మా డాక్టర్ గారు ఫోన్ చేసి గట్టిగా చెప్తే గానీ టీకా వెయ్యలేదు. కుక్క మూడో రోజుకి చచ్చిపోయింది, తల ల్యాబ్ కి పంపితే పాజిటివ్. ఆ రిపోర్టు మా ఫైల్లో ఉంది సార్. ఆసుపత్రి నుంచి ఎవరూ అడగలేదు, మేము పంపాలన్న రూలూ మాకు కనపడలేదు.

ఆ వైరస్ ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ 15 నిమిషాల విలువ తెలుస్తుంది. అది రక్తంలో పడి ఒళ్లంతా తిరిగేది కాదు. గాయం దగ్గర నరంలోకి దూరి మెదడు వైపు మెల్లగా పాకుతుంది, మెదడు చేరాక చొంగ గ్రంథుల్లోకి దిగుతుంది. ఆ ప్రయాణానికి వారాలు, నెలలు పడుతుంది కాబట్టే కాటు పడిన తర్వాత కూడా టీకా పనిచేస్తుంది, ఒకసారి లక్షణాలు మొదలయ్యాయా ఇక బతికేవాళ్లు దాదాపు ఉండరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఏటా 59,000 మంది పోతున్నారు, మనుషులకి వచ్చే రేబిస్ లో 99 శాతం కుక్కల నుంచే. అంటే కుక్కకి వేసే టీకా మనిషికి వేసిన మందే కదా సార్, మరి అది మీ బడ్జెట్లో ఎందుకు ఉండకూడదు?

ఒక్కో వైరస్ ది ఒక్కో దారి. పార్వో అని కుక్కపిల్లలకి వచ్చే వైరస్ జబ్బు ఉంది, అది వచ్చిన పిల్లని ఒళ్లో పెట్టుకుని సెలైన్ ఎక్కిస్తుంటే ఆ రక్త విరేచనాల వాసన ఇంటికెళ్లి స్నానం చేసినా పోదు. వేగంగా పెరిగే కణాల్నే అది పట్టుకుంటుంది, అందుకే పేగు లోపలి పొర ఊడిపోతుంది, ఎముక మజ్జ కూడా దెబ్బతిని తెల్లకణాలు పడిపోతాయి. పశువులకి వచ్చే గాలికుంటులో నాలుకా గిట్టలూ బొబ్బలెక్కుతాయి, లేగదూడల్లో అయితే గుండె కండరానికే ఎక్కి బొబ్బ కనపడకముందే దూడ పోతుంది. (పిల్లలకి చేతులు, కాళ్లు, నోట్లో వచ్చే బొబ్బల జబ్బు వేరే వైరస్, గాలికుంటు అంటుకుందేమో అని భయపడి వచ్చిన తల్లులకి ఎన్నిసార్లు చెప్పానో.) ఇక హెపటైటిస్ బి చూడండి, లివర్ కణాల్ని అది నేరుగా పెద్దగా చంపదు, దాన్ని తరమబోయిన మన ఒంటి రక్షణ కణాలే లివర్ ని పాడుచేస్తాయి. ఆటలమ్మ తగ్గినా వైరస్ నరాల మొదట్లో దాక్కుని ఎన్నో ఏళ్లకి సర్పిగా లేస్తుంది. వీటిలో ఒక్కదానికీ యాంటీబయాటిక్ పనిచెయ్యదు, అయినా ప్రతి జ్వరానికీ అదే మింగుతున్నారు.

రెండు శాఖలు మాట్లాడుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే 1998లో మలేషియా. పందులు దగ్గుతున్నాయి, వాటిని పెంచేవాళ్లకి మెదడువాపు వస్తోంది. దోమల వల్ల వచ్చే జపనీస్ ఎన్సెఫలైటిస్ అనుకుని దోమల మందు కొట్టారు, ఆ టీకాలే వేశారు, నెలలు గడిచాయి. అది గబ్బిలాల నుంచి పందులకి, పందుల నుంచి మనుషులకి వచ్చిన కొత్త వైరస్ అని, ఇప్పుడు నిపా అంటున్నామే అదేనని 1999లో తేలింది, అప్పటికే జనం పోతున్నారు. మొత్తం మీద వంద మందికి పైగా చనిపోయారు, పది లక్షల పందుల్ని చంపాల్సి వచ్చింది. పంది దగ్గునీ మనిషి జ్వరాన్నీ మొదట్లోనే ఒకే బల్ల మీద పెట్టి చూసుంటే ఇంకాస్త ముందు పట్టుకునేవాళ్లేమో అని నాకు అనిపిస్తుంది. 2024లో అమెరికాలో బర్డ్ ఫ్లూ ఆవుల పొదుగుల్లోకి దిగింది, పాలు చిక్కబడి రంగు మారాయి, ఆ పచ్చిపాలు తాగిన పిల్లులు చచ్చిపోయాయి, పాలు పితికేవాళ్లకి కళ్లు ఎర్రబడ్డాయి. ఆ పిల్లుల్ని ముందు చూసేది పశువుల డాక్టరే, కళ్ల డాక్టర్ కాదు.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. పశువుల ల్యాబ్ లో రేబిస్ గానీ బర్డ్ ఫ్లూ గానీ పాజిటివ్ వస్తే అదే రోజు దగ్గర్లోని ఆసుపత్రికి సమాచారం వెళ్లాలి, అక్కడ అనుమానం వస్తే మాకు రావాలి. గీత పడినా, పుండు మీద నాకినా రేబిస్ టీకా అవసరమేనని కాజువాలిటీలో కూర్చునే ప్రతి ఒక్కరికీ రాతపూర్వకంగా ఇవ్వండి. మాలాంటి అసిస్టెంట్లకి కాటు పడకముందే వేసే టీకా వేయించండి, నాకు ఇప్పటిదాకా వెయ్యలేదు సార్, రోజూ కుక్కల నోళ్లు పట్టుకునేది నేనే.

ఆ వేలి గీత ఆయన చివరి డోసు కూడా వేయించుకుని మొన్న ఇంకో కుక్కపిల్లని తెచ్చాడు, టీకాకి. దాని పేరు రాసిన పేజీ వెనకే ఆ పాత పాజిటివ్ రిపోర్టు పిన్ చేసి ఉంది. మీ శాఖ నుంచి ఎవరినైనా పంపండి, చూపిస్తాను.

ఇట్లు,
ఒక పశువైద్య అసిస్టెంట్