అమ్మమ్మ చూస్తోందా అని అడిగావు కదా

బుజ్జీ,

మొన్న ఫోన్‌లో "అమ్మమ్మ పైనుంచి మనల్ని చూస్తోందంటావా?" అని నువ్వడిగితే నేను మాట మార్చేశాను. నీకు తెలిసిపోయే ఉంటుంది. అవునంటే ఆ పూటకి నీకు ఊరటగా ఉండేది, కానీ నేను నమ్మని మాట నీకెలా చెప్పను? లేదనడానికేమో నోరు రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

చూడట్లేదనే అనుకుంటున్నానమ్మా. పోయాక ఇంకేమీ ఉండదనే నా నమ్మకం. అలా అనుకోవడం వల్ల నష్టమేమీ లేదని మాత్రం అనను. ఆఖరి వారంలో నేను మీ అమ్మమ్మకి "రేపు వస్తాలే" అని రెండుసార్లు చెప్పి వెళ్ళలేదు. ఆ రెండు రేపుల బాకీ తీర్చుకోవడానికి నాకు ఇంకో చోటు లేదు. మళ్ళీ కలుస్తాం అనుకునేవాళ్ళని చూస్తే ఒక్కోసారి కుళ్ళుగా కూడా ఉంటుంది. అమ్మమ్మ నమ్మేది, తెలుసుగా. "అక్కడికి వచ్చాక చెప్తా నీ సంగతి" అని నవ్వేది.

మరి భయం వెయ్యదా అంటావు. ఎపిక్యురస్ అని ఒక గ్రీకు ఆయన, క్రీ.పూ. 341లో పుట్టాడు, ఆయన లెక్క చాలా తేలిక: మనం ఉన్నంతసేపూ చావు రాలేదు, అది వచ్చేసరికి మనం ఉండం, ఇక ఎవరికి బాధ? ఈ విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్ళు, దాదాపు అంతకాలమూ మనం లేము, లేనందుకు మనకి ఒక్క రోజైనా కష్టంగా అనిపించలేదు కదా. ఇది నా మీద సగమే పనిచేసింది. నా చావు గురించి భయం తగ్గింది కానీ నీకేమైనా అవుతుందేమోనన్న టెన్షన్ పిసరంత కూడా తగ్గలేదు. ఆయన లెక్కలో పిల్లలు లేరు అనుకున్నాను.

ఆయన పేరు చెబితే తాగి తందనాలాడటం అనుకుంటారు గానీ, ఆయన తన తోటలో స్నేహితులతో కబుర్లు చెప్పుకుంటూ రొట్టె, నీళ్ళతో సరిపెట్టుకున్న మనిషి. (పోయాక ఇంకేమీ ఉండదన్న మన పాతకాలపు చార్వాకులదీ అదే గతి. వాళ్ళ గ్రంథాలు మిగల్లేదు, వాళ్ళ గురించి తెలిసిందంతా దాదాపు వాళ్ళని ఖండించినవాళ్ళు రాసిందే. అప్పు చేసైనా నెయ్యి తాగమన్నారట! గిట్టనివాళ్ళు చెప్పిన మాట ఎంతవరకు నమ్మాలో నువ్వే చూసుకో.)

ఆయన చివరి రోజున ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. మూత్రం బిగించేసి, నొప్పి ఇంతకు మించి ఉండదన్నంతగా ఉన్నా, మనం మాట్లాడుకున్న మాటలు తలుచుకుంటే కలిగే సంతోషం దానికి ఎదురు నిలుస్తోందని. అదే ఉత్తరంలో, అంతకుముందే పోయిన ఇంకో స్నేహితుడి పిల్లల్ని చూసుకోమని కూడా అడిగాడు. తను ఇక ఉండనని, వాళ్ళు పెరగడం తను చూడనని ఏ సందేహమూ లేకుండా నమ్మిన మనిషి! అది చదివి, ఆయన లెక్కలో పిల్లలు లేరన్న మాట వెనక్కి తీసుకున్నాను.

నీకు చెప్పలేదు, నేను రెండు నెలలుగా ఈతకి వెళ్తున్నాను. నలభై తొమ్మిదేళ్ళకి. మొదటి వారమంతా నీళ్ళు మింగడమే, పక్కన ఆరేళ్ళ పిల్లలు చేపల్లా పోతుంటే నేను గట్టు పట్టుకుని వేలాడేదాన్ని. పోయిన గురువారం వెల్లకిలా తేలాను. చెవులు నీళ్ళలో ఉంటే బయటి గోలంతా ఆగిపోయి మన ఊపిరే మనకి పెద్దగా వినిపిస్తుంది, పైన మబ్బు. ఓ నిమిషం పాటు ఇది దేనికోసం అన్న ప్రశ్నే రాలేదు. తర్వాత ముక్కులోకి నీళ్ళు పోయాయనుకో.

నువ్వూ నాలాగే అనుకోవాలని లేదు. అమ్మమ్మ చూస్తోందని నీకనిపిస్తే అలాగే అనుకో, నేను వాదించను.

ఆదివారం నీ దగ్గరికి వస్తున్నాను. పరీక్షలున్నాయని వద్దనకు, నువ్వు చదువుకో, నేను ఓ మూల కూర్చుంటాను.

అమ్మ