ఆల్బనీ తిమింగలాల వేట కార్మికుల జ్ఞాపకాలు నమోదు చేయించండి

గౌరవనీయులైన వారసత్వ పరిరక్షణ అధికారి గారికి,

మా వినతిపత్రాలకు జవాబు రాలేదు. అందుకే పశ్చిమ ఆస్ట్రేలియాలోని తెలుగువారందరి ఎదుట ఈ లేఖ రాస్తున్నాను.

1978 నవంబరు 21న ఆల్బనీలోని చెయిన్స్ బీచ్ తిమింగలాల వేట కేంద్రం మూతపడింది. దాంతో ఆస్ట్రేలియాలో ఆ వేట ముగిసింది. తిమింగలాల నూనెకు గిరాకీ తగ్గింది, నిరసనలు పెరిగాయి. వేట ఆగడం ముమ్మాటికీ మంచిదే. కానీ వందమంది దాకా ఉపాధి కోల్పోయారు. చెయిన్స్ 4 అనే వేట నౌక నేటికీ ఒడ్డున ఉంది, ముందుభాగాన తిమింగలాలపైకి ఈటెలు పేల్చే హార్పూన్ ఫిరంగితో. కొవ్వు కోసి, కాగబెట్టి, ఆ వాసన ఇంటిదాకా మోసుకెళ్లినవారు మాత్రం వృద్ధులై ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

మిగిలినవారి మాటలను ఈ ఏడాదే, ప్రభుత్వ ఖర్చుతో, వారి ఇళ్లకే వెళ్లి రికార్డు చేయించండి. వేటను ఎదిరించినవారి మాటలనూ చేర్చండి. ఎప్పుడు మొదలుపెడతారో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఆల్బనీ నివాసి