గేదెను మేపినా పనే

సంపాదకులకు,

జనగణనలో పని అంటే జీతమొక్కటే కాదు. 2011 నిబంధనల ప్రకారం గడిచిన ఏడాదిలో 6 నెలలు, ఆపైన పనిచేస్తే ప్రధాన కార్మికులు. అంతకు తగ్గితే ఉపాంత కార్మికులు. ఇంటి వాడకానికే గేదెను మేపి పాలు తీసినా పనే. పొందూరులో ఇంట్లో నూలు వడికే ఆవిడది గృహ పరిశ్రమ. లెక్క తప్పేది గుమ్మం దగ్గరే. ‘మీ ఆవిడ ఏం చేస్తారు?’ అంటే ‘ఏటీ లేదండీ, ఇంటికాడే ఉంటాది’ అంటాడు ఇంటాయన. జనగణనకు ఇంటింటికీ వచ్చే ఎన్యూమరేటరు అదే రాసుకుంటే నాట్లు, కోతలు, కళ్లం పని అన్నీ గల్లంతు! నెలలవారీగా అడగాలి: ఖరీఫ్‌లో ఏం చేశారు, జీడిపిక్కల సీజన్లో ఏం చేశారు అని.

పేపర్లలో వచ్చే నిరుద్యోగ శాతం మాత్రం జనగణనది కాదు, కేంద్రం విడిగా చేసే శ్రామిక శక్తి సర్వేది. దాని వారపు లెక్కలో 7 రోజుల్లో ఒక్క గంట పనిచేసినా ఉపాధే. ఈ రెండింటినీ పోల్చకండి.

– ఒక పాఠకుడు, శ్రీకాకుళం