బారెడు పొద్దెక్కడమంటే ఏమిటో కంప్యూటర్‌కు ఎవరు చెప్పాలి?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో ఏఐ గురించి వారానికి నాలుగైదు వార్తలు వస్తున్నాయి. ఉద్యోగాలు పోతాయని ఒకరోజు, కొత్తవి వస్తాయని ఇంకోరోజు. మా పీజీలో తెలుగు పేపరు వేయించుకునేది నేనొక్కదాన్నే, ఒక్కటీ వదలకుండా చదువుతాను. ఆ వార్తల్లో ఎక్కడా కనిపించని ఒక సంగతి చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది కదిరి దగ్గర పల్లె. మూడేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఈమధ్య కెన్యాలోని నైరోబీ కుర్రాళ్లు నడిపిన ఒక ఏఐ హ్యాకథాన్‌లో, అంటే టీమ్‌లుగా కూర్చుని కొద్ది రోజుల్లో ఒక ప్రోగ్రామ్ తయారుచేసే పోటీలో, మూడు రోజులు ఆన్‌లైన్‌లో పాల్గొన్నాను. బయటి దేశాల వాళ్లకూ కొన్ని సీట్లు ఇచ్చారు. సెలవు అడిగినప్పుడు ఆఫీసులో ఇద్దరు ముగ్గురు "ఆఫ్రికాలో ఏఐ ఏంటి?" అని నవ్వారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

మా టీమ్‌లో అయిదుగురం. నైరోబీ విద్యార్థులు ఇద్దరు, ఉగాండాలోని కంపాలా నుంచి ఒకబ్బాయి, నైరోబీలో ఒక చిన్న క్లినిక్‌లో పనిచేసే నర్సు, నేను. నర్సుకు కోడింగ్ రాదు. ప్రతి టీమ్‌లోనూ కోడ్ రాయని మనిషి ఒకరు ఉండి తీరాలన్నది అక్కడి నియమం. అక్కడి వాళ్ల భాష స్వాహిలిలో అక్కచెల్లెళ్లను దాదా అంటారు, నేనూ ఆమెను అలాగే పిలిచాను. పేషెంట్లు పంపే వాయిస్ మెసేజ్‌లు విని, ఎప్పుడు రావాలో, మందు ఎప్పుడు వేసుకోవాలో గుర్తుచేసే ప్రోగ్రామ్ రాయడం మా పని. పాత ఫోన్లలో, నెట్ లేకపోయినా పనిచేయాలి.

మొదటి పూట ఎవరినీ కోడ్ ముట్టుకోనివ్వలేదు. ప్రోగ్రామ్‌కు మాటలు నేర్పడానికి తమ గొంతు రికార్డు చేసి ఇచ్చేవాళ్ల దగ్గర తీసుకునే అనుమతి పత్రాన్ని స్వాహిలిలో పైకి చదివించారు. అందులో ఒక వాక్యం తన పేషెంట్లకు అర్థం కాదని దాదా కొట్టేయించి, వాళ్లు మాట్లాడుకునే మాటల్లో మళ్లీ రాయించింది. టైం వృథా అవుతోందని నాకు టెన్షన్‌గా ఉండింది. అది వృథా కాదని రెండో రోజు తెలిసింది.

ఆ రోజు సాయంత్రానికి మా ప్రోగ్రామ్ బాగానే పనిచేస్తోందని నేను గట్టిగా నమ్మాను. దాదా వాళ్ల అమ్మను అడిగి, ఆమె వాయిస్ మెసేజ్ ఒకటి వినిపించింది. "కేషో సా తాతు అసుబుహి." రేపు పొద్దున మూడో గంటకు అని. ఒక్క అక్షరం పొల్లుపోకుండా స్క్రీన్ మీద పడింది. కింద రిమైండర్ తెల్లవారుజామున మూడింటికి. దాదా తల అడ్డంగా ఊపి, "అమ్మ తొమ్మిదింటికి వస్తానంది" అంది.

స్వాహిలిలో గంటల లెక్క పొద్దు పొడవడంతో మొదలవుతుందట. మనం ఏడు అనేదాన్ని వాళ్లు ఒకటో గంట అంటారు, తొమ్మిదైతే మూడో గంట. నైరోబీ భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా సూర్యుడు దాదాపు ఒకే వేళకు వస్తాడు, ఆ లెక్క ఎప్పుడూ తప్పదు. "అయితే ఆరు గంటలు కలిపేస్తే సరి" అన్నాను. దానికీ ఒప్పుకోలేదు. అదే మనిషి ఇంగ్లిష్‌లో చెప్తే నైన్ అనే అంటుంది. పైగా నైరోబీ వాళ్లు ఒకే వాక్యంలో రెండు భాషలూ కలిపి మాట్లాడతారు. కాబట్టి ఆ అంకె ఏ భాషలో పలికారో ముందు పట్టుకోవాలి. ఆ రాత్రంతా దాని మీదే కూర్చున్నాం. వాళ్ల గడియారంలో తొమ్మిదైతే నా గదిలో పదకొండున్నర, దాదా అమ్మగారి లెక్కలో మూడు.

మాకు బహుమతి రాలేదు. కానీ ఒక పెద్దావిడ పొద్దున తొమ్మిదింటికి వెళ్లి తీసుకోవలసిన మందు, దాదా లేకపోతే మా ప్రోగ్రామ్ వల్ల తప్పిపోయేది.

వీళ్లు ఇలా పనిచేయడం నిన్న మొన్న నేర్చుకున్నది కాదు. ఆఫ్రికా ఏఐ పరిశోధకులు ఏటా కలుసుకునే డీప్ లర్నింగ్ ఇండాబా 2017లో జొహానెస్‌బర్గ్‌లో మొదలైంది. 2019లో ఆఫ్రికా భాషలను కంప్యూటర్‌కు నేర్పే మసఖానే అనే బృందం పుట్టింది. జులు భాషలో ఆ మాటకు కలిసి కట్టుకుందాం అని అర్థం. రువాండాలో నెలలో చివరి శనివారం పొద్దున జనమంతా కలిసి ఊరి పనులు చేస్తారు, దాన్ని ఉముగాండా అంటారు. అదే పేరుతో డిజిటల్ ఉముగాండా అని పెట్టుకుని అక్కడి యువత తమ కిన్యర్వాండా భాషలో గొంతులు పోగుచేసింది. జనం ఇచ్చిన గొంతులను అందరూ వాడుకునేలా దాచే మొజిల్లా వాళ్ల కామన్ వాయిస్‌లో ఆ ఒక్క భాషవే రెండువేల గంటలు దాటాయి. 2022 లెక్కల ప్రకారం రువాండా జనాభా కోటీ ముప్పై రెండు లక్షలు. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లం ఎనిమిది కోట్ల పైచిలుకు.

హ్యాకథాన్ అయిన మర్నాడు మా జేజికి, అంటే మా నాన్న వాళ్ల అమ్మకు, ఫోన్ చేశాను. బీపీ మాత్ర ఎప్పుడేసుకున్నావని అడిగి, ఆమెకు చెప్పే రికార్డు చేశాను. "బారెడు పొద్దెక్కినాక ఏసుకుంటి. దీపాలు పెట్టే యాళకు ఇంగొకటి ఏసుకుంటా" అంది. మాటను రాతగా మార్చే ఒక ప్రోగ్రామ్‌కు అది వినిపించాను. బారెడు పొద్దెక్కినాక అన్నది "వారు ఎప్పుడో ఎక్కినాక" అయింది. ఇంగొకటి కాస్తా "ఇంగ్లిష్ ఒకటి" అయింది. మా జేజి మాట నాకు అద్దంలా అర్థమవుతుంది. ఆమె సొంత భాషలో మాట్లాడినా అర్థం చేసుకోని ప్రోగ్రామ్‌లు రేపు ఆసుపత్రిలోనో రైతు సేవా కేంద్రంలోనో పెడితే ఆమె ఎవరికి చెప్పుకోవాలి? నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మన దగ్గర ప్రయత్నాలు లేవని కాదు. కేంద్రం 2022లో మన భాషలను కంప్యూటర్‌కు నేర్పే భాషిణి అనే పథకం మొదలుపెట్టింది, అందులో భాషాదాన్ ద్వారా ఎవరైనా తమ గొంతు ఇవ్వొచ్చు. ఐఐటీ మద్రాసులో ఏఐ4భారత్ వాళ్లు తెలుగుతో సహా మన భాషలు చాలావాటి మీద గట్టిగా పనిచేస్తున్నారు. వాళ్ల శ్రమను తక్కువ చేయను. కానీ గొంతు ఇవ్వడానికి స్క్రీన్ మీద కనిపించే వాక్యాన్ని చదవమంటే మా జేజి చదవలేదు, చదువు రాదు. చదవగలిగినవాళ్లు కూడా అప్పటికప్పుడు బడి పంతులు భాషలోకి వెళ్లిపోతారు. ఇంట్లో మాట్లాడే మాట కావాలంటే ఇంటికే వెళ్లాలి.

బెంగళూరులో హ్యాకథాన్‌లకు కొదవ లేదు. వారాంతం వస్తే వైట్‌ఫీల్డ్ వైపో కోరమంగళ వైపో ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటాయి. నేను నాలుగింటికి వెళ్లాను, తెలుగువాళ్లం ప్రతిదాంట్లో గుంపులు గుంపులుగా ఉన్నాం. ఒక్కచోట కూడా ఆ ప్రోగ్రామ్‌ను వాడబోయే మనిషి టీమ్‌లో కూర్చోలేదు. ఇక్కడి తెలుగు ఇంజినీర్లకు నా మనవి ఒక్కటే. ఈసారి మనం పెట్టుకునే హ్యాకథాన్‌లో ఒక ఏఎన్ఎంను, ఒక వేరుశనగ రైతును, కట్టడం పనికి పాలమూరు నుంచి వచ్చిన ఒక మేస్త్రీని టీమ్‌లో కూర్చోబెట్టుకుందాం. పని పోగొట్టుకుని వస్తారు కాబట్టి ఆ రోజు కూలి ఇద్దాం. గొంతు తీసుకునే ముందు, దాన్ని ఎవరు వాడతారో వాళ్ల మాటల్లోనే చెప్పి అడుగుదాం.

మీకూ ఒక మనవి, అయ్యా. మీకు ప్రతి మండలంలో విలేకరి ఉన్నారు. పొద్దును, వానను, నొప్పిని, పురుగును ఏ ఊళ్లో ఏమంటారో వాళ్లకు తెలిసినంత మా ఇంజినీర్లకు తెలియదు. వారానికి ఒకసారి జిల్లా పేజీలో చిన్న చోటిచ్చి, పాఠకుల నుంచి అలాంటి మాటలు, ఊరి పేరుతో సహా అడిగి వేయండి. ఫోన్‌లో రికార్డు చేసి పంపే వీలుంటే ఇంకా మంచిది. వాటిని శుభ్రం చేసి, అందరూ వాడుకునేలా సర్దిపెట్టే పని నేనూ, నాతో ఇక్కడున్న మరో ముగ్గురు స్నేహితులూ ఉచితంగా చేస్తాం.

మా జేజి రికార్డింగ్ ఇవ్వొచ్చా అని ఆమెను అడిగాను. "నా మాటతో ఎవరికన్నా మాత్ర తప్పకుండా ఉంటే ఇయ్యి" అంది. మీరు ఆ శీర్షిక మొదలుపెట్టిన రోజే దాన్ని పంపిస్తాను.

— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు