వార్షిక నివేదిక 2024–25: పార్టీలు మన మాట ఎంతవరకు వింటున్నాయి?

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని మన సింగ్‌నగర్‌ను ముంచాక, సంఘం శక్తి చాలావరకు బురద తీయించడానికే సరిపోయింది. ఆ లెక్కలు కోశాధికారిగారు విడిగా చదువుతారు. కంటి పరీక్షల శిబిరం, దసరా పూజ ఎప్పటిలాగే జరిగాయి.

నేను వివరంగా చెప్పదలచింది ఆదివారం సాయంత్రాల మేనిఫెస్టో చర్చల గురించి. మనం మంచీ చెడూ అనుకునేవాటికీ, మనం ఓటేసిన పార్టీ చేసేవాటికీ పొంతన ఉందా అన్నది ప్రశ్న. చర్చ మద్యం దగ్గరే ఎక్కువ సేపు ఆగింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగినప్పుడు ఏ మేనిఫెస్టో కోసమూ కాచుకోలేదు. ఆ వేడికే 1993లో సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధానికి మాటిచ్చారు, 1995 జనవరిలో అమలు చేశారు. 1997లో అదే పార్టీ ప్రభుత్వం ఖజానా చూసుకుని సడలించింది. 2019లో వైఎస్సార్‌సీపీ దశలవారీగా నిషేధిస్తామంది, ఐదేళ్ల తర్వాతా సర్కారు దుకాణాలు తెరిచే ఉన్నాయి. 2024లో టీడీపీ కూటమి తక్కువ ధరకు నాణ్యమైన మద్యం అంది. ఆ ఏడాదే 99 రూపాయల సీసా వచ్చింది.

ఒక అక్కయ్యగారు 2019, 2024 మేనిఫెస్టోలు పక్కపక్కన పెట్టి, మద్యం గురించిన ఆ రెండు వాక్యాల కింద వేలు పెట్టి చూపించారు. "మా అభిప్రాయం మారలేదు, మరి ఇది ఎవరడిగారు?" అన్నారు. వెనక వరుసలోంచి ఒకాయన "మేమే అడిగామమ్మా, ధరలు భరించలేక" అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. ఒకే ఇంట్లో రెండు మాటలున్నప్పుడు, గట్టిగా వినిపించిందే పార్టీకి చేరుతుంది. దూబగుంట తర్వాత ఆడవాళ్ల మాట మళ్లీ అంత గట్టిగా వినిపించలేదన్నది నా బాధ.

ఎమ్మెల్యేని నిలదీస్తే చాలదా అని కుర్రాళ్లు అడిగారు. 1985లో ఫిరాయింపుల నిరోధానికి రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేర్చారు. దాంతో ఎమ్మెల్యే సభలో మాట్లాడొచ్చు గానీ, విప్‌ను, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, కాదని ఓటేస్తే పదవికే ముప్పు. కాబట్టి మన మాట టికెట్లు ఇవ్వకముందే పార్టీకి చేరాలి.

2021 మార్చిలో ఎన్నికైన కార్పొరేషన్ పాలకవర్గం గడువు 2026 మార్చితో తీరుతుంది. ఈలోగా పార్టీలకు చెప్పదలచింది రాయడానికి ప్రతి ఇంటికీ రెండు కాగితాలు పంపుతాం, ఆడవారికొకటి, మగవారికొకటి. దయచేసి ఒకరిది మరొకరు నింపకండి. నింపినవి సంఘం ఆఫీసులో ఇవ్వండి, అన్ని పార్టీల డివిజన్ నాయకులకూ ఒకే ప్రతి అందజేస్తాం.

— కార్యదర్శి