సొంత పిల్లల మీద జోకులా?

సంపాదకులకు,

ఈమధ్య మన బెజవాడలోనూ స్టాండప్ కామెడీ షోలు బాగానే జరుగుతున్నాయి, సంతోషం. పెళ్ళాం మీద జోకులంటారా, అవి మనకు కొత్త కాదు, ఆవిడ కనీసం ఇంటికొచ్చాక వాయించగలదు. నా గొడవల్లా కన్నపిల్లల్ని స్టేజీ మీదికి లాగడం గురించే.

మొన్న బెంజి సర్కిల్ దగ్గర ఒక షోలో కమెడియన్ తన కొడుకు పేరు చెప్పాడు, చదివే స్కూలూ చెప్పాడు, తొమ్మిదో తరగతికొచ్చినా ఉరుమొస్తే వాళ్లమ్మ పక్కలో దూరతాడని వాడి ఏడుపు గొంతు కూడా దించేశాడు. హాలంతా ఒకటే నవ్వులు. అక్కడితో అయిపోతే సరిపోను, ఆ ముక్క కత్తిరించి రీల్ పెట్టారు. నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే పిల్లలు ఇద్దరిది అదే స్కూలు. ఇప్పుడు క్లాసులో ఎవడో ఒకడు బెంచీ మీద దబీమని కొట్టి 'ఒరేయ్, అమ్మని పిలవండ్రా' అంటున్నాడట. ఆ వయసు మగపిల్లాడికి అది ఎంత నరకమో వేరే చెప్పాలా!

'మా పిల్లలు, మా ఇష్టం' అంటారు. ఇంట్లో అయితే సరే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలు వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటోంది. మరి ఊరంతా చాటేది కన్నతండ్రే అయినప్పుడు ఎవరి అనుమతి అడగాలి? ఫ్రాన్స్‌లో అయితే పిల్లల ఫొటోలు, వీడియోల విషయంలో వాళ్ల గోప్యతను కాపాడే బాధ్యత తల్లిదండ్రులదేనని 2024లో చట్టంలోనే రాసేశారు. మన దగ్గర అంతదాకా వెళ్లాలని నేననను, జోకు మీద కేసులు పెట్టడం మొదలైతే అదింకో తలనొప్పి.

పిల్లల ఊసే ఎత్తొద్దనీ అనడం లేదు. అమెరికాలో అలీ వాంగ్ అనే కమెడియన్ నిండు కడుపుతో చేసిన షో 2016లో వచ్చింది, అందులో ఆవిడ తన ఒళ్లు, తన కాపురం గురించే చెప్పుకుని నవ్వించింది. ఈయన కూడా ఉరుముకి తనే దుప్పటి ముసుగేసుకుంటే కొడుకొచ్చి ధైర్యం చెప్పాడని అల్లుకుని ఉంటే నవ్వు ఏమన్నా తగ్గేదా?

షోలు పెట్టే నిర్వాహకులకు నా మనవి ఒక్కటే. పిల్లల పేరు, స్కూలు చెప్పనివ్వకండి, క్లిప్ పెట్టేముందు ఆ పిల్లాడికి చూపించమనండి, వాడు వద్దంటే ఆ ముక్క తీసేయండి.

– ఒక ట్యూషన్ టీచర్, సత్యనారాయణపురం, విజయవాడ